సగం పుస్తకానికో వెబ్‌సైటు

ఆ రోజుల్లో కీబోర్డు వైపు చూడకుండా తెలుగు టైపు చేయగలిగినవాడికి కంప్యూటరు గురించి సమస్తం తెలుసని మా మాచర్లలో గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టే ధైర్యం నాకు లేకపోబట్టే, ఒక వేసవి మధ్యాహ్నం నరసరావుపేటలో ఒక జిరాక్సు షాపు వెనక, మెట్ల కింద ఉన్న ఇరుకు గదిలో నేను తల వంచుకుని నిలబడాల్సి వచ్చింది. (తల వంచుకోవడానికి సగం కారణం సిగ్గు, మిగతా సగం మెట్లు.) ఎదురుగా చెక్కబల్ల మీద ఒక సర్వరు గుర్రుమంటూ నడుస్తోంది. కాయిల్ మామ గుడ్డసంచిలోంచి మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు తీశాడు. దాని మొనను సర్వరు పెట్టెకు ఆనించి, చెక్క పిడికి తన కుడిచెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. జిరాక్సు షాపు యజమాని ఊపిరి బిగబట్టాడు.

“కుడిపక్క ఫ్యానుకి బుష్ అరిగిపోయింది,” అన్నాడు మామ కళ్ళు తెరవకుండానే. “ఇంకో నెల తిరిగితే గొప్ప.”

“నిజమే బాబాయ్,” అన్నాడు జిరాక్సు అన్న తల గోక్కుంటూ. “పొద్దున్నే ఆన్ చేసినప్పుడల్లా అరుస్తంది. కస్టమర్లకి ఇనపడకుండా తలుపేసుకుంటా.”

మామ స్క్రూడ్రైవరును జాగ్రత్తగా గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, సంబంధం ఖాయం చేసుకున్నంత తృప్తిగా చెప్పాడు: “అల్లుడూ, మన సైటు ఇక్కడే పెడదాం.”

ఈ నిర్ణయం ఎంత గొప్పదో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. కాయిల్ మామకు మాచర్లలో మోటారు వైండింగు షాపు ఉండేది (ఇప్పటికీ ఉంది). బోర్లలో కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెట్టి ఇవ్వడం ఆయన పని. షాపుకు రెండిళ్ళ అవతల మా ఇల్లు. ఆయన నమాజుకు వెళ్ళే మనిషి, మేం కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. అయినా మా నాన్న ఆయన్ని ‘బావా’ అని పిలిచేవాడు కాబట్టి నాకు ఆయన మామ, ఆయన భార్య అత్త. నాకు ఊహ తెలిసేనాటికి ఆ షాపులో ఇద్దరు మామలుండేవారు. తీగ చుట్టడంలో చెయ్యి తిరిగినవాడు కాయిల్ మామ, వార్నిష్ పట్టించడంలో ఎదురులేనివాడు వార్నిష్ మామ. ఇద్దరూ ఒకే ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నారు. ఒకే గిన్నెలో అన్నం తిన్నారు. ఉస్తాదు పోతూ పోతూ షాపునూ తన నోటుబుక్కునూ ఇద్దరికీ కలిపి అప్పజెప్పి వెళ్ళాడు.

ఆ నోటుబుక్కు మామూలుది కాదు. ఏ కంపెనీ మోటారుకు ఏ గేజి (ఎంత లావు) తీగ వాడాలో, ఎన్ని చుట్లు చుట్టాలో అందులో ఉంది. కంపెనీవాళ్ళ లెక్క కంపెనీవాళ్ళ దగ్గర ఉంటుంది. కానీ మా పల్లెలకు వచ్చే కరెంటు కంపెనీవాళ్ళు ఊహించిన కరెంటు కాదు. ఆ నీరసపు కరెంటుకు కూడా మోటారు కాలకుండా తిరగాలంటే చుట్లు ఎన్ని ఉండాలో ఉస్తాదు నలభై ఏళ్ళు కాల్చి, చుట్టి, మళ్ళీ కాల్చి కనిపెట్టిన లెక్క అది. కాలిన మోటారులోని పాత తీగ లెక్కపెడితే తెలియదా అంటే, అప్పటికే ఆ మోటారు నలుగురు మేస్త్రీల చేతులు మారి ఉంటుంది, నలుగురివీ నాలుగు లెక్కలు. ఒక్కో మోటారుకు ఒక్కో పేజీ చొప్పున, మొత్తం తొంభై ఆరు పేజీలు. సిరా అవతలికి ఊరుతుందని ఉస్తాదు కాగితానికి ఒకవైపే రాసేవాడు. (ఈ అలవాటు తర్వాత ఎంత పని చేస్తుందో ఆయనకు తెలిస్తే రెండు వైపులా రాసి ఉండేవాడు.)

గొడవ బొల్లాపల్లి వైపు నుంచి వచ్చిన ఒక మోటారు దగ్గర మొదలైంది. మిరపతోట కాపు మీద ఉంది. మోటారు వారంలో రెండోసారి కాలి వచ్చింది. పుస్తకం ప్రకారమే నలభై నాలుగు చుట్లు చుట్టానని కాయిల్ మామ, పుస్తకంలో ఉన్నది నలభై రెండేనని వార్నిష్ మామ. పుస్తకం అక్కడే, చేతికందే దూరంలో, చెక్కపెట్టెలో ఉంది. తీసి చూస్తే అరనిమిషంలో తేలిపోయేది. కానీ తీసి చూడడమంటే తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం లేదని ఒప్పుకోవడం. ఇద్దరూ ఒప్పుకోలేదు. ఈలోపు తోట ఎండింది. రైతు వచ్చి ఏమీ అనకుండా మోటారు బండిలో వేసుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఆ ఇద్దరూ కలిసి ఉండేవారేమోనని అత్త ఇప్పటికీ అంటుంది.

పంపకాలు జరిగాయి. తీగ చుట్టలు, పనిముట్లు పంచుకున్నారు. నోటుబుక్కు దగ్గరికి వచ్చేసరికి కుట్లు విప్పి, నీకొకటి నాకొకటి అని ఒక్కో కాగితం తీసి పెట్టుకున్నారు. బేసి అంకెలన్నీ కాయిల్ మామకు, సరి అంకెలన్నీ వార్నిష్ మామకు వచ్చాయి. పంచుకునేటప్పుడు కూడా ఇద్దరూ పైకి చూస్తూ పంచుకున్నారట, ఎవడి కళ్ళూ ఆ లెక్క మీద పడకుండా! ఆ బొల్లాపల్లి మోటారుది నలభై ఆరో పేజీ. అది అవతలివాడి వాటాలోకి వెళ్ళింది. చివరికి ఉస్తాదు స్క్రూడ్రైవరు మీద చెయ్యి వేసి ఇద్దరూ ఒకే ఒట్టు పెట్టుకున్నారు: నోటితో మాట్లాడను, మనిషిని పంపను, ఉత్తరం రాయను. స్క్రూడ్రైవరు కాయిల్ మామకు మిగిలింది. వార్నిష్ మామ కృష్ణ దాటి మిర్యాలగూడలో షాపు పెట్టుకున్నాడు.

అలా పదేళ్ళు గడిచాయి. నేను బి.ఏ. పూర్తిచేసి ఒక దినపత్రికకు మాచర్ల విలేకరినయ్యాను. రోజూ నెట్ సెంటరులో కూర్చుని, బోరు బావుల దగ్గర్నుంచి బస్సు ప్రమాదాల దాకా టైపు చేసి గుంటూరు పంపడమే నా కంప్యూటరు విద్య. ఒక సాయంత్రం మామ నన్ను షాపులోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు.

“అల్లుడూ, నీకు సైటు పెట్టటం వచ్చా?”

“వచ్చు,” అన్నాను. (ఎందుకన్నానో ఈరోజుకీ తెలియదు. ఆ వయసులో ‘రాదు’ అనే మాట నోటికి అలవాటు కాలేదు.)

“ఊళ్ళో అందరికీ బిజినెస్ కోసమని చెప్పు. నీకు మాత్రం చెప్తన్నా ఇను. మిర్యాలగూడలో వాడి షాపు పక్కనే నెట్ సెంటరంట. నా సగం పుస్తకం అందులో పెడితే వాడికి కనపడద్దిగా?”

“కనపడుద్ది. కానీ మామా, నువ్వు ఒట్టు...”

“ఒట్టులో మూడే ఉన్నయ్. నోరు, మనిషి, ఉత్తరం. ఈ సైటనేది ఒట్టులో లేదు. అప్పటికది మనూరికి రాలేదుగా!” అని, పదేళ్ళుగా ఈ సందు కోసమే వెతుకుతున్నవాడిలా నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించి, “సరి పేజీల మోటార్లొస్తే చేతగాదని తిప్పి పంపిస్తన్నానురా. ఉస్తాదు చేతికింద పనిచేసినోణ్ణి, చేతగాదంటన్నా. వాడికాడ బేసిలొస్తే వాడూ అంతేగా. నా సగం వాడికి అందాల. వాడి సగం ఇస్తాడా లేదా అనేది వాడిష్టం,” అన్నాడు.

లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది. “ఇద్దరు మొగోళ్ళు మాట్టాడుకోటానికి ఒక ఫోను చాలు. దానికి ఈయన సైటంట, ఆ పిల్లోడు ఇంజనీరంట. ఏం చోద్యమే తల్లీ!”

ఆ కాబోయే ఇంజనీరు మర్నాడే గుంటూరు నుంచి ఒక గైడు తెప్పించుకుని మూడు రోజులు చదివాడు. సైటుకు పేరు వేరు, అది ఉండే చోటు వేరు, రెండూ విడివిడిగా తీసుకోవాలని తెలుసుకోవడానికే నాకు రెండు రోజులు పట్టింది. మామకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. “బోర్డు మనం రాయించుకుంటాం, గది అద్దెకు తీసుకుంటాం. అంతేగా? పేరు ఉస్తాదుది పెట్టు. గది మాత్రం చూడకుండా తీసుకునేది లేదు,” అన్నాడు. మోటారైనా గేదె అయినా చూడకుండా, చెయ్యి వేయకుండా, తెలిసినవాణ్ణి వెంట తీసుకెళ్ళకుండా కొనడం మా వైపు లేదు. ఆ తెలిసినవాణ్ణి నేను.

ముందు రైలెక్కి గుంటూరు వెళ్ళాం. అద్దాల తలుపు, ఏసీ, టై కట్టుకున్న కుర్రాయన. మమ్మల్ని ‘సార్’ అన్నాడు, చల్లటి నీళ్ళిచ్చాడు, మీలాంటి బిజినెస్‌కు ఐదు పేజీల ప్యాకేజీ సరిపోతుందన్నాడు.

“నాకు తొంభై ఆరు పేజీలు కావాలి బాబూ,” అన్నాడు మామ. “అందులో నలభై ఎనిమిది ఖాళీ.”

కుర్రాయన నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. “ఖాళీ పేజీలు ఎందుకు సార్? తీసేద్దాం. స్పేసు మిగులుతుంది.”

“ఖాళీవి తీసేస్తే వాడివి ఏడ పెడతాం?” అన్నాడు మామ. ఆ వాడు ఎవరో కుర్రాయన అడగలేదు. సర్వరు చూపించమంటే అది సింగపూర్లో ఉందన్నాడు. మామ గ్లాసులో నీళ్ళు పూర్తిగా తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, లేచి వచ్చేశాడు. రైలు పిడుగురాళ్ళ దాటాక, “ఖాళీ పేజీ తీసేద్దామన్నాడు, ఇన్నావా?” అని మాత్రం అన్నాడు.

తర్వాత పత్రికలో ప్రకటన చూసి ఒక పెద్ద కంపెనీకి ఫోన్ చేశాం. అవతల ఒక అమ్మాయి హిందీలో మాట్లాడింది. మామ ముఖం వెలిగిపోయింది. ఫోను నా చేతిలోంచి లాక్కుని అరగంట మాట్లాడాడు. ఏ ఊరు బేటీ, ఎంతమంది అన్నదమ్ములు, భోజనం చేశావా, రోజంతా ఇట్లా మాట్లాడితే గొంతు నొప్పి పుట్టదా, మిరియాల పాలు తాగు. చివర్లో నేను సైగ చేస్తే సర్వరు సంగతి అడిగాడు. ఫోను పెట్టేశాక దిగులుగా నా వైపు చూశాడు. “పాపం, అంత మంచి పిల్ల. ఆ పిల్లకు కూడా సర్వరు ఒక్కసారన్నా చూపియ్యలేదంట్రా.”

మూడోది నరసరావుపేట. జిరాక్సు షాపు నడుపుతూ, ఒక టెలిఫోను లైను పెట్టుకుని, మెట్ల కింద సొంత సర్వరు నడిపే అన్న ఒకడున్నాడని మా నెట్ సెంటరువాడు చెప్పాడు. కారంపూడి మీదుగా బస్సులో వెళ్ళాం. అక్కడ జరిగింది మొదట్లోనే చెప్పాను. బయటికి రాగానే నేను మామ మీద విరుచుకుపడ్డాను.

“పాడైపోయిందని నువ్వే అంటివి, మళ్ళీ అక్కడే పెడదామంటన్నావు. ఏంది మామా ఇది?”

“ఏం పాడైందో తెలిసిన మిషనురా అది. ఆ సింగపూర్ దాంట్లో ఏం పాడైందో ఎవుడికి తెలుసు? పైగా ఆ పిల్లోడు ఫ్యాను అరుస్తందని ఒప్పుకున్నాడు.” రోడ్డు వైపు చూస్తూ అన్నాడు: “ఒప్పుకునేటోడు దొరకటం చానా కష్టం అల్లుడూ.”

ఖాళీ పేజీల సంగతి విని కూడా జిరాక్సు అన్న నవ్వలేదు. “ఉండనీ బాబాయ్, ఖాళీవి ఎంత చోటు తింటయ్ గనక,” అన్నాడంతే. వారంలో మామ ఒక కొత్త బుష్ తెచ్చి ఫ్యాను బాగుచేశాడు. ఆ తర్వాత రాగి తీగ కోసం నరసరావుపేట వెళ్ళినప్పుడల్లా ఆ మెట్ల కిందికి వెళ్ళి, సర్వరుకు స్క్రూడ్రైవరు ఆనించి, ఒక నిమిషం విని వచ్చేవాడు. చుట్టాన్ని పలకరించినట్టే.

బేసి పేజీలన్నీ ఫోటోలు తీసి పెట్టాను. సరి పేజీలు, పైన అంకె మాత్రం వేసి, తెల్లగా వదిలాను. అట్టడుగున, ఎవరూ అడగకుండానే, ‘రూపకల్పన: ప్రముఖ పాత్రికేయులు, వెబ్ నిపుణులు’ అని నా పేరు పెట్టుకున్నాను. ఇక ఈ సైటు ఉందని అవతలివాడికి తెలియడం ఎలా? దానికీ మామ దగ్గర దారి ఉంది. వైండింగు చేసిన మోటారు మీద షాపు పేరు పెయింటుతో రాయడం మామూలే; ఆ కింద సైటు అడ్రసు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాడు. “పెయింటు ఉత్తరం కిందికి రాదు,” అన్నాడు. మా రైతులకు కృష్ణ అవతల చుట్టాలున్నారు, పొలాలున్నాయి. మోటార్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి.

అసలు బాధ తర్వాత మొదలైంది. నరసరావుపేటలో కరెంటు పోతే మా సైటు పోయేది. నేను రోజూ వార్తలు పంపే ముందు తెరిచి చూసేవాణ్ణి. రెండు రోజులకోసారి తెర తెల్లబోయేది. ఒకరోజు ఉండబట్టలేక మామ దగ్గరికి పరుగెత్తాను. “మామా, ఆయన సరిగ్గా ఇప్పుడే చూస్తే? ఏమీ లేదనుకుని మళ్ళీ చూడకపోతే?” మామ తీగ చుట్టడం ఆపలేదు. “కరెంటు ఉంటేనే మోటారు తిరిగేది. తిరిగితేనే కాలేది. కాలితేనే మనం కావాల్సింది. కరెంటు లేనప్పుడు వాడికి మాత్రం సైటుతో ఏం పనిరా?” అన్నాడు. వాదన గట్టిగానే ఉంది. అయితే ఆ రోజు ఆయన చుట్టిన తీగ లెక్క తప్పి, మళ్ళీ మొదటి నుంచి చుట్టాడని అత్త నాకు చాటుగా చెప్పింది.

ఎనిమిది నెలలు ఏమీ జరగలేదు. తర్వాత ఒక ఉదయం అవతలి ఒడ్డు నుంచి ఒక రైతు ఆటోలో మోటారు తెచ్చాడు. “సప్పుడొస్తున్నదని మా కాడి మేస్త్రి చెప్పిండు. నాతోని కాదు, మాచర్లకు తీస్కపో అన్నడు.”

మామ మోటారు విప్పాడు. నేను పక్కనే ఉన్నాను. లోపల తీగ కొత్తగా మెరుస్తోంది. ఏ లోపమూ లేదు. మామ తీగ కూర్చున్న ఒక గాడి దగ్గర వేలు పెట్టి, వార్నిష్ మీద మెల్లగా రాసి, వాసన చూసుకున్నాడు. అలా బుడగ లేకుండా, కారకుండా, తేనెరంగులో వార్నిష్ పట్టించగలిగిన చెయ్యి ఒక్కటేనని నాక్కూడా తెలుసు.

“నా పేరు చెప్పాడా?” అని అడిగాడు రైతును.

“లే. మాచర్ల అన్నడు, గంతే. అడ్రసు మోటరు మీద పెయింటుతోని రాసిండు.”

“మామా, అంటే ఆయన మనిషిని పంపినట్టేగా? ఒట్టు...” అన్నాను నేను.

“నోర్ముయ్. వాడు మోటారును పంపాడు. మనిషి మోటారు వెంట వచ్చాడు,” అన్నాడు మామ. తర్వాత కత్తెర తీసుకున్నాడు. చుట్లు లెక్కపెట్టాలంటే తీగ కొస కోయక తప్పదు. కోసి, కొసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, గేజి చూసి, మళ్ళీ లెక్కపెట్టి, “పద్నాలుగో పేజీ తెరువు అల్లుడూ,” అన్నాడు. అవతలివాడు చుట్టి పంపిన లెక్కతో ఆ సైటులో నిండిన మొదటి సరి పేజీ అదే. కోసిన తీగను మామ పారేయలేదు; గుడ్డలో చుట్టి ఉస్తాదు చెక్కపెట్టెలో పెట్టాడు. రైతు మోటారుకు మళ్ళీ తీగ చుట్టి, వార్నిష్ పట్టించి పంపించాడు. ఆ వార్నిష్ మాత్రం కారింది. అవతలివాడు చూసి నవ్వుకోవాలనే అలా వదిలేశానన్నాడు. నేను నమ్మలేదు.

ఆ తర్వాత ఏడాదికి రెండో మూడో అలా వస్తూనే ఉన్నాయి, ఏ జబ్బూ లేని మోటార్లు. ఒక్కోదానితో ఒక్కో పేజీ. వాళ్ళిద్దరూ ఈరోజుకీ మాట్లాడుకోలేదు, మనిషిని పంపలేదు, ఉత్తరం రాయలేదు. ఒట్టు ఒట్టుగానే ఉంది.

మెట్ల కింది సర్వరు ఒక వానాకాలం ఆగిపోయింది. జిరాక్సు అన్న స్వయంగా మాచర్ల వచ్చి, మామ వేసిన బుష్ మాత్రం చివరిదాకా తిరిగిందని చెప్పి వెళ్ళాడు. నేను సైటును ఎక్కడో దూరాన, ఎవరూ కళ్ళతో చూడని సర్వరులోకి మార్చాను. మామకు ఫోనులో తెరిచి చూపిస్తే, తీసుకుని చెవికి ఆనించుకున్నాడు. “చప్పుడే లేదు. నాకు నమ్మకం లేదురా,” అన్నాడు. నా తల నెరిసింది, పత్రికలు మారాను, డెస్కులో కూర్చుని ఎందరి వార్తలో దిద్దాను. వెబ్ విద్య మాత్రం ఆ గైడు మూడో అధ్యాయం దగ్గరే ఆగిపోయింది. ఏటా సైటు గడువు దగ్గర పడగానే ఫోనుకు సందేశం వస్తుంది, ఇంకో ఏడాదికి సరే అని నొక్కుతాను. నొక్కేముందు అట్టడుగున ఆ ‘ప్రముఖ పాత్రికేయులు, వెబ్ నిపుణులు’ కనిపిస్తాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, కంప్యూటరులో ఏదీ రాకుండానే అన్నీ వచ్చన్నవాడు. ఆ ఒక్క లైను తీసేస్తానంటే మామ ఒప్పుకోలేదు. “పుస్తకంలో రాసింది చెరపగూడదు. ఆ రోజు నువ్వు ‘రాదు’ అనుంటే నేనేం కావాల?” అన్నాడు.

నలభై ఎనిమిది ఖాళీల్లో ఇప్పటికి నలభై ఒకటి నిండాయి. మిగిలినవాటిలో ఆ బొల్లాపల్లి మోటారుది, నలభై ఆరో పేజీ ఉంది. తనదే ఒప్పని చెప్పడం ఇష్టంలేక వార్నిష్ మామ దాన్ని పంపలేదో, తనదే తప్పని చెప్పలేక పంపలేదో మాకు తెలియదు. ఆ రకం మోటారు అవతలి ఒడ్డు నుంచి ఇంకా రాలేదు.